ఇనుప వస్తువులకు రంగు – ముందుపని, అలంకారము

(సికిందరాబాదులో గ్రామపంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మన పల్లెలలో ఇనుము పెరిగినది. ఒకటి రెండు తరములకు పూర్వము పల్లెయింట ఇనుమనగా నాగటి కర్రు, గొడ్డలి, కొడవలి, పొయ్యిమీది పెనము, బావి గిలక మాత్రమే. నేడు వాకిటి గేటు, కిటికీ ఊచలు, మెట్ల కటకటాలు, బీరువా, మంచము, కుర్చీ, రేకు సందుగ, నీళ్ళ డ్రమ్ము అన్నియు ఇనుమే. పంచాయతీ ఆస్తి సంగతియు ఇట్లే ఉన్నది. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి టాంకర్లు సమకూడినవి. వీటికి తోడు నర్సరీ గేటు, వైకుంఠధామము గేటు, మొక్కల చుట్టు జాలీలు, బడిలోని బల్లలు, పిల్లల ఊయలలు, ఊరి పేరు వ్రాసిన బోర్డులు కలవు. ఇవన్నియు ప్రజల సొమ్ముతో కొన్నవి. ఇవన్నియు తుప్పు పట్టునవి.

వీటికి మనము రంగు వేయించుట లేదా? వేయించుచునే ఉన్నాము. పండుగకో, జాతరకో, పై అధికారుల రాకకో రంగు డబ్బా తెరచుచున్నాము. రెండు వానలు కురియునప్పటికి ఆ రంగు పొక్కులెత్తును, పెచ్చులూడును, లోపలి ఇనుము ఎర్రబారి కనబడును. పైన పటారము, లోన లొటారము అను సామెతకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు. అప్పుడు రంగు మంచిది కాదని దుకాణదారును నిందింతుము. కాని చాల సందర్భములలో దోషము డబ్బాలో లేదు. డబ్బా తెరచుటకు ముందు చేయవలసిన పని చేయకపోవుటలో ఉన్నది. నేడు మేము మీతో ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

కళాయి నేర్పిన పాఠము

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోయువాడు ఊరికి వచ్చిన దినములను మీలో పెద్దవారు ఎరుగుదురు. అతడు ముందుగా గిన్నెను ఇసుకతో, బూడిదతో మెరయునట్లు తోమును. తరువాత కొలిమిపై వేడిచేసి, నవాసారము చల్లి, తగరము తాకించి, దూదితో ఒక్కసారిగా అలుముకొనివచ్చును. తోముటకు పట్టిన కాలమెంత? తగరము పూయుటకు పట్టిన కాలమెంత? తోముటయే పెద్దపని, పూయుట చిన్నపని. జిడ్డు మిగిలినచోట కళాయి పట్టదని గృహిణులందరికి తెలియును. ఇనుముపై రంగుకు సైతము ఇదే న్యాయము.

తుప్పు సంగతి

తుప్పును మన పల్లెలలో కొందరు చిలుమందురు, కొందరు జంగందురు. ఇనుమునకు నీరు, గాలిలోని ప్రాణవాయువు రెండును తగిలినపుడు తుప్పు పుట్టును. ఆ రెంటిలో ఒకదానిని అడ్డగించినను తుప్పు ఆగును. రంగు చేయు మేలు ఇదియే. అది ఇనుమునకు గొడుగువంటిది. అయితే తుప్పునకు ఒక దుర్గుణము కలదు. అది తాను పుట్టిన ఇనుముకంటె రెండు మూడింతల చోటు ఆక్రమించును. గుల్లగా ఉండి తేమను పట్టియుంచును. దానిపై ఎంత ఖరీదైన రంగు వేసినను, అది క్రిందనే ఉబ్బి ఆ రంగును పైకి త్రోయును. తుప్పుపై రంగు వేయుట చెదపుట్టపై ఇల్లు కట్టుట వంటిది.

ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండలో వానలో నిలిచియున్నది కదా, దానికెవరు రంగు వేసిరి అని మీరు అడుగవచ్చును. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుటచేత దానిపై పలుచని రక్షణ పొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించియున్నారు. మన గేట్లకు వాడు నేటి ఉక్కులో భాస్వరము మిక్కిలి తక్కువ. కావున మన గేటు ఆ స్తంభము కాజాలదు. దానికి పూత తప్పదు.

రైలు పెట్టెల నగరము

మీరు కూర్చున్న ఈ సికిందరాబాదు ఇనుప వస్తువులను కాపాడుటలో పాత అనుభవము గల నగరము. 1874లో వాడి నుండి ఇచ్చటికి రైలుమార్గము వచ్చినది. 1893లో నిజాం రైల్వే వారు లాలాగూడలో పనిశాలను నెలకొల్పిరి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఈ నగరము కేంద్రముగా ఏర్పడినది. లాలాగూడ పనిశాలకు మరమ్మతుకై వచ్చు రైలు పెట్టె సామాన్యముగా ఎండనక వాననక తిరిగినదే. దానికి పాతదానిపైననే కొత్త రంగు పులిమి పంపరు. కడుగుట, గీకుట, ప్రైమరు, గుంటలకు లప్పము, నునుపు చేయుట, పైపూతలు అని వరుస ఉండును. ఒక పొర ఆరనిదే మరియొక పొర వేయరు. మన యింటి గేటునకు అంత సరంజామా అవసరము లేదు గాని, ఆ వరుస మాత్రము తప్పక అవసరము.

పాత రంగులోని విషము

పని చెప్పుటకు ముందు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. దీనిని మీరు ఊరికి తీసికొనిపోయి ఇంటింట చెప్పవలెనని కోరుచున్నాము.

పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. ప్రకాశించు పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ వన్నెలలో అది హెచ్చు. ఇనుమునకు మొదటి పూతగా వేసిన రెడ్ లెడ్ అనునది సీసపు సిందూరమే. ఈ పాత రంగును పొడిగా గీకినపుడు లేచు దుమ్ము నేలపై, గడపపై, పిల్లల ఆటవస్తువులపై వాలును. ప్రాకు పిల్లలు చేతులు నోట పెట్టుకొందురు. సీసము వారి మెదడు ఎదుగుదలకు చెరుపు చేయును. గర్భిణులకును అది హాని. సీసము ఇంతవరకు ఉండినను ఫరవాలేదను హద్దు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. ప్యారిస్ నగరమున 1889లో పూర్తియైన ఈఫిల్ గోపురము ఇనుప కట్టడము. దానికి సుమారు ఏడేండ్ల కొకమారు రంగు వేయుదురు. ఇటీవలి పనిలో పాత పొరలు గీకుచుండగా సీసము హెచ్చుగా కనబడుటచే 2021లో పని నిలుపవలసివచ్చినది.

మన కేంద్రప్రభుత్వము 2016లో నియమములు ప్రకటించినది. 2017 నవంబరు నుండి ఇండ్లకు, అలంకారమునకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదు. ఆ సంగతి డబ్బాపై వ్రాసియుండవలెను. యంత్రములకు, కర్మాగారములకు తయారు చేయు రంగులకు ఈ నియమము వర్తింపదు. కావున బడి బల్లకు, పిల్లల ఊయలకు, అంగన్‌వాడీ కుర్చీకి చౌకగా దొరికినదని ఊరు పేరు లేని డబ్బా గాని, యంత్రముల రంగు గాని కొనరాదు. రాణీగంజిలో కొన్నను, మండల కేంద్రములో కొన్నను డబ్బాపై ఆ మాట చదివి, రసీదు తీసికొని కొనుడు.

పాత రంగును తొలగించుటలో మూడు నిషేధములు గుర్తుంచుకొనవలెను. పొడిగా రాపాడరాదు, తడిపి రాపాడవలెను. మంటతో కాల్చరాదు, ఆ పొగ విషము. గీకిన పెచ్చులను పెరటి పాదులలోగాని చెరువులోగాని వేయరాదు. క్రింద పాత టార్పాలిను పరచి, పెచ్చులన్నియు పోగుచేసి, మూటగట్టి, చెత్తబండికి వేరుగా అప్పగింపవలెను. పని ముగియువరకు పిల్లలను, గర్భిణులను దూరముగా ఉంచవలెను. పనివాడు ముక్కునకు మంచి మాస్కు ధరించి, చేతులు ముఖము కడిగికొనిన పిదపనే అన్నమునకు కూర్చుండవలెను.

నాలుగు దినముల పని

ఇక వాకిటి గేటును దృష్టాంతముగా తీసికొందము. వానలు వెనుకబడిన తరువాత పని మొదలుపెట్టుట మేలు. తెల్లవారుజామున మంచు పడిన దినములలో ఇనుము పూర్తిగా ఆరువరకు ఆగవలెను. మండువేసవిలో మిట్టమధ్యాహ్నము చేయి పెట్టలేనంత కాలిన ఇనుముపై రంగు వేసినచో అది తొందరగా ఆరి గీతలు పడును, బుడగలు లేచును.

మొదటి దినము ఉదయము గేటును సబ్బుపొడి నీటితో కడుగవలెను. జిడ్డు, పసుపు కుంకుమ, నూనె మరకలు పోవలెను. గీకుటకు ముందే కడుగవలెను. లేనిచో జిడ్డు గీతలలోనికి దిగి నిలుచును. కిరోసిన్‌తో తుడిచి విడిచిపెట్టుట మంచిది కాదు. దాని జిడ్డు మిగిలియుండును. మంచినీటితో మరల కడిగి, నూలుగుడ్డతో తుడిచి, ఎండనీయవలెను.

తరువాత పెచ్చులెత్తిన రంగును స్క్రేపరుతో తీయవలెను. తుప్పును తీగల బ్రష్షుతో, పిదప ముతక ఎమరీతో, ఆపైన సన్న ఎమరీతో తోమవలెను. పాత రంగు గట్టిగా పట్టుకొని యున్నచోట దానినంతయు ఊడ్చివేయనక్కరలేదు. మెరుపు పోవునట్లు తడి ఉప్పుకాగితముతో రుద్దిన చాలును. నునుపైన మెరుపుపై కొత్త రంగు పట్టదు. మడతలలో, గుంటలలో దిగిన తుప్పునకు బజారులో భాస్వరికామ్లముతో చేసిన తుప్పు మందు దొరకును. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, డబ్బాపై చెప్పినట్లు వాడవలెను. మరుగుదొడ్డి కడుగు ఆసిడును మాత్రము ఇనుముపై పోయరాదు. అది తుప్పును తినినట్లు కనబడును గాని, దాని లవణము ఇనుములో మిగిలి మరునాటికే కొత్త తుప్పు పుట్టించును.

తోమిన ఇనుమును రాత్రికి వట్టిగా విడువరాదు. తోమిన ఇనుము ఆకలిగొన్న పశువువంటిది. మంచు దొరికినను తినును. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, అదే దినము ప్రొద్దుగూకకముందే ప్రైమరు పూయవలెను. ఇంటి గేటునకు రెడ్ ఆక్సైడు ప్రైమరు చాలును. జింకు ఫాస్ఫేటు కలిసినదైన మరింత మేలు. రెడ్ ఆక్సైడు వేరు, రెడ్ లెడ్ వేరు. మొదటిది ఇనుప భస్మము వన్నె, రెండవది సీసము. పేరు విని మోసపోకుడు. ముందుగా అంచులకు, వెల్డింగు అతుకులకు, బోల్టులకు, గేటు అడుగుభాగమునకు చిన్న బ్రష్షుతో ఒక పూత వేసి, పిదప తక్కిన భాగమంతయు పూయవలెను. తుప్పు మొదలగునది ఈ మూలలలోనే.

రెండవ దినము గుంటలున్నచో లప్పము పెట్టవలెను. లప్పము వట్టి ఇనుముపై కాదు, ప్రైమరుపై పెట్టవలెను. ఆరిన పిదప సన్న ఉప్పుకాగితముతో చదును చేసి, ఇనుము బయటపడినచోట మరల ప్రైమరు తాకింపవలెను. మూడవ దినము ఎనామిలు మొదటి పూత, నాలుగవ దినము రెండవ పూత. ఒక చిక్కని పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. చిక్కని పూత పైన ఆరి లోన పచ్చిగా ఉండి, ముడుతలు పడి జారును.

ఖర్చు లెక్క వేసికొనుట కష్టము కాదు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు గల రేకు గేటు రెండు వైపుల కలిపి 40 చదరపు అడుగులు, అనగా సుమారు 3.7 చదరపు మీటర్లు. ఒక లీటరు ఎనామిలు ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లకు వచ్చును. కావున రెండు పూతలకు లీటరు డబ్బా చాలును. ప్రైమరు అర లీటరు చాలును. ఎమరీ కాగితములకు, తీగల బ్రష్షునకు అగు వ్యయము స్వల్పము. ఆ స్వల్పమును మిగిల్చుకొనబోయి డబ్బా రంగంతయు వ్యర్థము చేసికొనుచున్నాము.

జింకు రేకు, అల్యూమినియము

లోహమెల్ల ఇనుము కాదు. అయస్కాంతము పట్టనిచో అది అల్యూమినియము కావచ్చును. అయస్కాంతము పట్టి, బూడిదవన్నెతో పూలుపూలుగా మెరయునది జింకు పూత గల రేకు. కొత్త జింకు రేకుపై నేరుగా ఎనామిలు వేసినచో కొంతకాలమునకు పొరపొరగా ఊడివచ్చును. రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బువంటి పొరగా మారుటయే ఇందుకు కారణము. ఇట్టి రేకునకు, అల్యూమినియమునకు ఎచ్ ప్రైమరు అని వేరుగా దొరకును. దానిని వేసి పైన రంగు వేయవలెను. జింకు పూతను తీగల బ్రష్షుతో తోమి పాడుచేయరాదు. దానిని రక్షించునది ఆ పూతయే.

త్రాగునీటి టాంకరు లోపల, నీళ్ళ డ్రమ్ము లోపల, వంటపాత్రలకు ఈ రంగులేవియు వేయరాదు. వెలుపలి వైపునకే ఇవి తగినవి.

అలంకారము

పునాది గట్టిపడిన పిదప అలంకారము. మన ప్రాంతమునకు పొరుగుననే ఉన్న బీదరు పనివారిని చూడుడు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రను ఆకురాయితో, ఉప్పుకాగితముతో నునుపు చేయుదురు. మైలతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లజేసి, దానిపై పూలు లతలు గీయుదురు. గీతల వెంట చెక్కి వెండి పొదుగుదురు. చివరకు నవాసారము, బీదరు కోట మట్టి కలిపిన నీటితో పాత్ర కారునలుపు చేయుదురు. వెండి మాత్రము తెల్లగా మెరయును. మెచ్చుకొనువారు వెండి పువ్వును చూతురు. ఆ పువ్వును నిలిపినది ముందుగా చేసిన నునుపు.

ఇంటిలో చేయదగిన అలంకారము సులభమే. రెండవ పూత పూర్తిగా ఆరిన మరునాడు పని చేయుడు. పాత ఎక్స్‌రే ఫిలిములో పువ్వునో, చిలుకనో, నాలుగు చుక్కల ముగ్గునో కత్తిరించి, ఆ అచ్చును రేకుపై ఆనించి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో అద్దవలెను. బ్రష్షులో రంగు హెచ్చైనచో అచ్చు క్రిందికి ప్రాకి అంచులు చెదరును. పెద్ద నమూనా కావలెనన్న కాగితముపై గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్దినచో రేకుపై చుక్కల వరుస పడును. దాని వెంట సన్న కుంచెతో గీయవచ్చును. ముగ్గు వేయు మన ఆడపడుచుల చేతికి ఇది క్షణములో పట్టుబడును. తిన్నని గీతకు సుద్ద పూసిన దారమును బిగించి మీటిన చాలును. రేకు సందుగకు చుట్టును అంచు, మూలలకు ఒక్కొక పువ్వు, నడుమ పేరు సరిపోవును. రెండు మూడు వన్నెలకు మించినచో కన్ను చెదరును.

ట్రాలీకి, టాంకరునకు బొమ్మలు వేయునపుడు ఒక జాగ్రత్త. వెనుకనున్న రిఫ్లెక్టర్లపై, మెరయు టేపుపై, నంబరు పలకపై రంగు పడరాదు. మామూలు ఎనామిలు రాత్రివేళ దీపపు వెలుగును తిరిగి పంపదు. చీకటిలో రోడ్డు ప్రక్క నిలిపిన ట్రాలీ వెనుకనుండి వచ్చు మోటారుసైకిలు వానికి కనబడకున్నచో ఒక నిండుప్రాణము పోవచ్చును. అలంకారము కొరకు ఆ మెరుపును కప్పివేయుట మహాదోషము. పాడైన టేపును రంగు పనితోపాటే మార్చుడు.

పని ముగియగానే టర్పెంటైను తడిసిన గుడ్డలను మూలన కుప్పవేయరాదు. వాటిని పరచి ఆరబెట్టవలెను. అవిసెనూనె కలిసిన గుడ్డలు కుప్పలో తమంతట తామే వేడెక్కి అంటుకొను ప్రమాదము కలదు. వాటిని నీటిలో నానవేయవలెను. గది లోపల పని చేయునపుడు తలుపులు తెరచియుంచవలెను. పొయ్యి, బీడీ దగ్గర ఉండరాదు.

పంచాయతీ చేయదగినది

సభ్యులారా, ఇది ఒక్కొక్క ఇంటి పని యగుటతోపాటు పంచాయతీ బాధ్యత కూడను. మేము మీకు నాలుగు సూచనలు చేయుచున్నాము.

మొదటిది, పంచాయతీ ఇనుప ఆస్తికి ఒక పుస్తకము పెట్టుడు. వస్తువు, రంగు వేసిన తేది, వాడిన ప్రైమరు, మరల చూడవలసిన నెల అందులో వ్రాయుడు. రెండవది, వానలకు ముందొకసారి, వానలకు వెనుకొకసారి ఆ వస్తువులను చూచిరండు. గోరంత తుప్పు కనబడినపుడే తోమి తాకించినచో కొండంత ఖర్చు తప్పును. ఎరువు, చెత్త మోసిన ట్రాలీని ఆనాడే కడిగింపుడు. ఎరువులోని లవణములు రేకును తినివేయును. ట్రాలీ అడుగున నీరు నిలువకుండ రంధ్రములు తెరచియున్నవో లేవో చూడుడు. మూడవది, రంగు పని ఎవరికైన అప్పగించునపుడు ‘రెండు పూతలు’ అని మాత్రమే వ్రాయక, ‘కడిగి, తుప్పు తీసి, ప్రైమరు వేసి, రెండు పూతలు’ అని తీర్మానములో వ్రాయుడు. ప్రైమరు వేసిన దినము ఒక సభ్యుడు పోయి చూచిన తరువాతనే పైరంగు వేయింపుడు; పైరంగు పడిన తరువాత క్రింద ఏమున్నదో ఎవరికిని కనబడదు. నాలుగవది, బడిలోను, అంగన్‌వాడీలోను పాత రంగు గీకు పని సెలవు దినములలోనే చేయించి, నేలను తడిగుడ్డతో తుడిపించిన పిదపనే పిల్లలను రానిండు.

రంగు వేసిననాడు ప్రతి గేటును అందముగానే ఉండును. మూడు వర్షకాలములు గడచిన తరువాత ఏది నిలిచినదో అదియే మంచి పని. ప్రజలు ఇచ్చిన పన్నుసొమ్ము తుప్పు పాలు కాకుండుట, మన పిల్లల చేతులకు విషపు దుమ్ము అంటకుండుట మీ శ్రద్ధపై ఆధారపడియున్నవి. మీ ఊరికి తిరిగి వెళ్ళిన పిదప ఒక్క గేటుతోనైన ఈ పనిని ఆరంభింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.